నాలుగో డబ్బా

"సేమియాల డబ్బ ఏడున్నదే హుమేరా?"

రషీదాబీ వంటగదిలోంచే అడిగింది. ఎవరు తీశారో తెలిసి అడిగే గొంతు అది. హుమేరా నడవలో చాప మీద కూర్చుని ఉంది. కరెంటు అప్పుడే పోయింది. చేతిలో సోల్డరింగ్ కడ్డీ మెల్లగా చల్లారిపోతోంది.

"నా కాడున్నది అమ్మీ. రంధ్రం పెడుతున్న."

"ఏడు డబ్బలు తీస్కపోయి చేన్ల పెట్టినవు, ఏమన్న అన్ననా? ఎనిమిదోదన్న నాకు ఉంచరాదు? సేమియాలు ఏం జేసినవు?"

"గిన్నెల పోసిన."

"గిన్నెకు చీమలు పట్టవా?"

"చేన్ల వాన పడదా?"

తలుపు దగ్గర కొత్తిమీర తుంచుతున్న వదిన ఫిర్దోస్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "అత్తా, రంజాన్ మొన్ననేనాయె. మళ్ల రంజాన్ దాక సేమియాలతోటి ఏం పని?"

"నువ్వు ఆమె దిక్కే మాట్లాడు. రేపు పప్పు డబ్బ, ఎల్లుండి ఉప్పు డబ్బ. లస్మయ్య చేన్ల నా వంటిల్లంత నాటుతది ఈ పిల్ల."

గడపలో కూర్చుని బండి గొలుసుకు నూనె పెడుతున్న అన్న సాజిద్ తలెత్తలేదు. "డబ్బల సంగతి వదిలెయ్ అమ్మీ. సెల్లులు ఎవడు తింటున్నడో అది తెలుసుకోవాలె ముందు."

ఆ మాటతో నవ్వు ఆగిపోయింది.

ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలై రెండు వారాలు కావస్తోంది. గనుల్లో బొగ్గు తీసేవాళ్లు లేరు, అందుకని కరెంటు లేదు. బస్సులు డిపోల్లోనే ఉన్నాయి. సిరిసిల్లలో మరమగ్గాలు ఆగిపోవడంతో అక్కడ మెకానిక్‌గా చేసే సాజిద్ కోరుట్లకు వచ్చేశాడు. జగిత్యాలలో హుమేరా చదివే కాలేజీకి తాళం పడింది. కానీ ఆమె ఎంటెక్ ప్రాజెక్టు కాలేజీలో లేదు. కథలాపూర్‌లో, తండ్రి పాషాకు చాలా ఏళ్లుగా తెలిసిన లస్మయ్య పసుపు చేన్లో ఉంది.

ఒక్కో డబ్బాలో మట్టి తడి కొలిచే పుల్ల, వేలెడంత రేడియో, రెండు పెన్సిల్ సెల్లులు. చేను చివర ఉన్న డబ్బా గొంతు మోటరు కొట్టం దాకా వినపడదు. అందుకని అది తన మాటను పక్క డబ్బాకు చెబుతుంది. అది ఇంకో డబ్బాకు. అలా చేతులు మారి కొట్టంలో ఉన్న పెద్ద డబ్బాకు చేరితే, అక్కడ మెమరీ కార్డులో రాసి పెట్టుకుంటుంది. మాట దారిలో పోకూడదు. సెల్లులు త్వరగా అయిపోకూడదు. ఈ రెండూ ఒకేసారి ఎలా అన్నదే ప్రాజెక్టు. ఒక జత సెల్లులతో ముప్పై రోజులు నడవాలని గైడ్ చంద్రమౌళి సారు గీత గీశారు. మిగిలిన ఆరు డబ్బాలూ నాలుగు వారాలుగా నడుస్తున్నాయి. నాలుగోది ఒక్కటే మూడు నాలుగు రోజులకోసారి చచ్చిపోతోంది.

"కరెంటు లేదాయె. టార్చిలకు, రేడియోలకు అందరికి సెల్లులు కావాలె," అన్నాడు సాజిద్. "చేన్ల పొద్దంత ఉండేది ఎవరు? ఇంకా ఎవరిని అడుగుతవు?"

హుమేరా కడ్డీ పక్కన పెట్టింది. లోపలికి వెళ్లి వదిన గోళ్లరంగు సీసా తెచ్చింది. కొత్త సెల్లులు రెండూ తిరగేసి, అడుగున చెరో ఎర్ర చుక్క పెట్టి, ఆరేదాకా ఊదింది. ఎవరైనా తీసి పాతవి పెడితే చుక్కలు ఉండవు. 

ఆదివారం బయల్దేరితే కథలాపూర్ రోడ్డు మీద పోలీసు పికెట్ ఉంది. కానిస్టేబుల్ బండి ఆపి, హుమేరా ఒడిలోని సంచి విప్పించాడు. డబ్బా బయటికి తీసి ఎండకు పట్టి చూశాడు. ఎర్ర వైరు, నల్ల వైరు, మిణుకుమనే లైటు.

"ఏందిది?"

"చేన్ల తడి ఎంతున్నదో చెప్తది సార్. కాలేజి ప్రాజెక్టు."

"నీ పేరేంది?" అని సాజిద్‌ను అడిగాడు.

"సాజిద్."

కానిస్టేబుల్ డబ్బాను ఇంకోసారి తిప్పి చూశాడు. కాలేజీకి ఫోన్ చేయించాడు. ఎవరూ ఎత్తలేదు. అరగంట ఎండలో నిలబెట్టాక, హుమేరా గుర్తింపు కార్డు వివరాలు రాసుకుని పొమ్మన్నాడు.

"డబ్బ జూసినప్పుడు ఏమనలే," అన్నాడు సాజిద్, బండి కదిలాక. "పేరు చెప్పంగనే మళ్ల జూసిండు. చూసినవా? మనం ఏం జేసినమని?" ఊరొచ్చేదాకా అదే మాట నాలుగుసార్లు అన్నాడు.

చేన్లో పసుపు నడుము దాకా పెరిగింది. మధ్య మధ్య మక్క మనిషెత్తు దాటింది. గట్టు మీద ఏసయ్య చేతిలో ఒడిసెలతో నిలబడి ఉన్నాడు. యాభై దాటిన మనిషి. మక్క కంకులు కోతులపాలు కాకుండా పొద్దంతా కాపలా ఉండటం అతని పని. అంగీ జేబులో రేడియో సమ్మె వార్తలు చెబుతోంది.

"అచ్చినవా బిడ్డా? నీ నాలుగో పిల్ల మళ్ల కండ్లు మూసింది. నిన్న పొద్దుగూకంగ చూసిన, లైటు లేదు."

రోజూ డబ్బాల లైట్లు చూసి చెప్పమని ఆమే అడిగింది. మొదట్లో ఆ మాట సహాయంగా వినిపించేది. ఇవాళ అదే మాట వింటే, ముందే తెలిసినవాడు చెబుతున్నట్టు అనిపించింది.

తెచ్చిన ఎనిమిదో డబ్బాను చేను చివర కట్టి వచ్చింది. నాలుగో డబ్బా కొట్టానికి ముప్పై అడుగుల దూరంలో, కర్రకు కట్టి ఉంది. మూత తీసి మీటరు పెట్టి చూసింది. సెల్లుల్లో ప్రాణం లేదు. చుక్కలు పెట్టిన కొత్తవి వేసి మూత బిగించింది. లేచి, కళ్లు ఏసయ్య జేబు మీద ఉంచి అడిగింది.

"రేడియో మంచిగ పలుకుతున్నది. సెల్లులు కొత్తయా కాకా?"

ఏసయ్య ఆమె ముఖంలోకి చూశాడు. జేబులోంచి రేడియో తీశాడు. బొటనవేలి గోరుతో వెనక మూత లేపి, లోపలి సెల్లులు కనపడేలా చెయ్యి చాచాడు. హుమేరా డబ్బాల్లో వాడే ఎర్ర తొడుగు రకమే.

"అంగట్ల కొన్న బిడ్డా. కోరుట్లల. చూస్కో."

"ఉట్టిగనే అడిగిన కాకా."

అతను మూత పెట్టలేదు. రేడియో అలాగే పట్టుకుని ఉన్నాడు, ఆమె తల తిప్పుకునేదాకా.

గట్టు దిగాక సాజిద్ అడిగాడు, "చూసినవా?"

"చూసిన," అంది హుమేరా.

ఆ ఒక్క మాటే. తిరుగుదారిలో సాజిద్ బండి లస్మయ్య ఇంటి ముందు ఆపాడు. ఆమె దిగలేదు. వాకిట్లో అన్న చేతులు తిప్పుతూ చెప్పడం, లస్మయ్య తువ్వాల భుజం మార్చుకుంటూ వినడం చూస్తూ కూర్చుంది. పిలిస్తే వినపడేంత దూరమే.

బుధవారం మళ్లీ వెళ్లేసరికి కథలాపూర్ చౌరస్తాలో రోడ్డుకు అడ్డంగా వంటావార్పు జరుగుతోంది. రాళ్ల పొయ్యిల మీద పెద్ద గిన్నెలు, పక్కన గుడారం, గుడారం కింద మైకు. ఊళ్లో ఒక్కో రోజు ఒక్కో సంఘంవాళ్ల వంతు. ఆ రోజు రైతులది. వచ్చిపోయేవాళ్లను తినకుండా పోనివ్వడం లేదు. సాజిద్ బండి పక్కకు పెట్టాడు. ఇద్దరికీ విస్తళ్లు వేశారు.

ఏసయ్య పొయ్యి దగ్గర మోకాళ్ల మీద కూర్చుని కట్టెలు ఎగదోస్తున్నాడు. అతని భార్య సాయవ్వ ఆడవాళ్ల వరసలో ఉల్లిగడ్డలు కోస్తోంది. మైకు ఓసారి గరగరమని ఆగిపోయింది.

లస్మయ్య చేతిలో పప్పు గరిటెతో అటు తిరిగాడు. "ఏయ్ ఏసయ్యా! మైకు సెల్లులు ఉన్నయా, నీ రేడియోలకు పోయినయా?"

నవ్వారు. ఎవరో వెనకనుంచి, "సెల్లుల ఏసయ్య!" అన్నారు. మళ్లీ నవ్వారు. ఈసారి ఇంకా ఎక్కువమంది.

ఏసయ్య కట్టె ఎగదోశాడు. పొగ ముఖానికి కొట్టినా పక్కకు జరగలేదు. సాయవ్వ చేతిలో కత్తి ఆగింది. ఆమె నవ్వినవాళ్ల వైపు చూడలేదు. విస్తరి ముందున్న హుమేరా వైపు చూసింది. హుమేరా పప్పులో అన్నం కలుపుతూ ఉండిపోయింది, కలపడానికి ఇంకేమీ మిగలకపోయినా.

"సోమవారం పొద్దుగాలనే రావద్దని చెప్పిన," అన్నాడు లస్మయ్య, సాజిద్ విస్తట్లో పప్పు వేస్తూ. "కోతులకు వేరేటోన్ని పెట్టిన. నువ్వు పరేషాన్ గాకు బిడ్డా, ఇగ నీ డబ్బలు భద్రం."

తిన్నాక చేనుకు వెళ్లారు. నాలుగో డబ్బా లైటు వెలగడం లేదు.

హుమేరా వంగి మూత తీసింది. సెల్లులు రెండూ అరచేతిలోకి తీసుకుని తిరగేసింది. ఎర్ర చుక్కలు చెక్కుచెదరకుండా ఉన్నాయి. మీటరు పెట్టింది. సూది లేవలేదు.

"తెలివైనోడు," అన్నాడు సాజిద్, ఆమె భుజం మీదుగా చూసి. "వాడుకొని మళ్ల పెట్టిండు."

ఆ మాట నమ్మాలని ఎంత ఆశ కలిగిందో ఆమెకు తర్వాత చాలాసార్లు గుర్తుకొచ్చింది. ఒక్క నిమిషం నమ్మింది కూడా. ఆ నిమిషంలోనే వేళ్లమీద రోజులు లెక్కపెట్టుకుంది.

"సోమవారం సంది కాక చేనుకే రాలే భాయ్."

"అయితె కొత్తోడు."

"భాయ్."

సాజిద్ మక్క ఆకు ఒకటి తెంపి, నిలువునా చీల్చి, పారేశాడు. బండి దగ్గరికి ముందు నడిచాడు.

పాషా దుకాణం కోరుట్లలో, పాత బస్టాండు సందులో ఉంది. కాలిపోయిన మోటర్లకు మళ్లీ తీగ చుడతాడు. మోటర్లు పరీక్షించడానికి జనరేటర్ ఉంది కాబట్టి గురువారం పొద్దున హుమేరా ల్యాప్‌టాప్ చార్జింగ్ పెట్టుకోవడానికి అక్కడికి వెళ్లింది. వార్నిష్ వాసన, రాగి తీగ చుట్టలు, మూలన విప్పి ఉన్న పంపులు. పెగడపల్లి నుంచి ట్రాక్టర్‌లో మోటరు వేసుకొచ్చిన ఎర్రయ్య అనే రైతు బల్ల మీద కూర్చుని, పాలివాడైన దాయాది కావాలనే ఫ్యూజు పీకాడని, వాడి మీద కేసు పెడతానని తిడుతున్నాడు.

పాషా బోల్టులు విప్పాడు. మూత తీసి, ముక్కు దగ్గరగా పెట్టి వాసన చూశాడు. వేలితో లోపల చుట్టూ తడిమాడు.

"ఇగో చూడు ఎర్రన్నా. మూడు చుట్లల్ల రెండు నల్లగైనయి. ఒకటి పసుపు పచ్చగ మెరుస్తున్నది. ఒక ఫేజు రాలే. దాని పని గూడ ఈ రెండే చేసి కాలినయి. కరెంటే గట్ల అచ్చింది. మీ పాలోడు ఏం జేస్తడు?"

"పక్కాన?"

"ఇప్పి చూసినంక చెప్తున్న. ఇప్పక ముందు నేనెన్నడన్న ఎవని పేరన్న చెప్పిన్నా?"

అతను కూతురి వైపు చూడలేదు. చూడటానికి కారణం ఉందని కూడా అతనికి తెలియదు. హుమేరా మాత్రం నల్లబడిన ఆ రెండు చుట్లనూ కాసేపు చూసింది. తర్వాత ల్యాప్‌టాప్ తెరిచి, నిన్న కొట్టంలోంచి తెచ్చిన మెమరీ కార్డు పెట్టింది.

మెమరీ కార్డులో ప్రతి వరసకూ ఐదు గళ్లు ఉంటాయి. ఏ డబ్బా, ఎన్ని గంటలకు, తడి ఎంత, ఎన్నిసార్లు చెబితే అందింది, ఏయే డబ్బాల మీదుగా వచ్చింది. సారుకు పంపే పట్టికలో చివరి రెండు గళ్లు అవసరం లేదని మొదటి రోజు నుంచీ ఆమె తీసేస్తూ వచ్చింది. ఇప్పుడు వాటినే తెరిచింది. ఎనిమిది, ఆరు, నాలుగు. ఏడు, ఐదు, నాలుగు. ఒకటి, నాలుగు. రెండు, నాలుగు. పేజీ కిందికి జరుపుతూ పోయింది. ప్రతి వరస చివరా నాలుగే.

కొట్టానికి దగ్గర్లో మూడో డబ్బా కూడా ఉంది, పది అడుగులు ఎక్కువ దూరంలో. కానీ 'దగ్గరి దారినే పో' అని రాసింది తను. అందుకని చేనంతటి మాటలూ నాలుగు మీదే పడ్డాయి. అందినట్టు జవాబు వచ్చేదాకా ఐదుసార్లు చెప్పమని కూడా తనే రాసింది. మక్క ఎదిగి, తడి ఆకులు అడ్డం వచ్చి, ఒక్కసారికి అందే మాట నాలుగైదుసార్లకు గానీ అందడం లేదు. మిగిలిన డబ్బాలు తమ మాట చెప్పి నిద్రపోతున్నాయి. నాలుగు రాత్రింబవళ్లు మేలుకుని, అందరి మాటా వింటూ, అందరి మాటా మళ్లీ మళ్లీ చెబుతూ చచ్చిపోతోంది. దానికి దొంగ అక్కర్లేదు.

దగ్గరితనం ఒక్కటే చూడకుండా, ఎవరి సెల్లులో ఎంత ప్రాణం మిగిలిందో చూసి మూడూ నాలుగూ వంతులు వేసుకునేలా రాసి ఉంటే సరిపోయేది. రాయడం పెద్ద పని కాదు. రాసి, మళ్లీ ముప్పై రోజులు నడిపి చూడాలి.

సారుకు ఫోన్ చేసింది. చంద్రమౌళి సారు అంతా విన్నారు.

"పేపర్ శనివారంలోగా హైదరాబాదు కాన్ఫరెన్సుకు పంపాలె అమ్మా. మన కాలేజి నుంచి మొదటి పేపర్ నీది. ఇప్పుడు ముప్పై రోజులు యాడికెళ్లి తెస్తవ్? ఆరు డబ్బలు నడిచినయి గదా. ఒకటి సెల్లుల దొంగతనంతోటి పోయిందని ఒక లైను రాయి. పల్లెటూళ్ల మామూలే, ఎవ్వరు అడగరు."

"దొంగతనం కాలేదు సార్."

"నాకు చెప్పినవు, విన్న. పేపర్ల ఎవరి పేరు రాస్తలేవు గదా."

సాజిద్ రానన్నాడు. అందుకని మధ్యాహ్నం కథలాపూర్‌లో ఒక బోరు చూడటానికి పోతున్న తండ్రి బండి మీదే వెళ్లింది. దారిలో అంతా చెప్పింది. పాషా బండి నడుపుతూ, "ఊఁ," అన్నాడు రెండుసార్లు. ఊరి చివర వాడలో ఏసయ్య ఇంటి ముందు ఆమెను దింపి, తను బోరు దగ్గరికి వెళ్లాడు.

సాయవ్వ అరుగు మీద చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. ఆకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం వేసి, కొన మడిచి. హుమేరాను చూసినా వేళ్లు ఆగలేదు. ఏసయ్య గోడకు ఆనుకుని కూర్చున్నాడు. రేడియో కనపడలేదు.

హుమేరా నిలబడే చెప్పింది. చుక్కల సంగతి కూడా దాచలేదు.  "తప్పు నాదే కాకా. డబ్బల తప్పు గాదు, నీ తప్పు గాదు. నేను రాసిన లెక్కనే తప్పు. మాఫ్ చెయ్యి."

"మంచిదాయె బిడ్డా," అన్నాడు ఏసయ్య. "గట్లయితె గా మూడో దానికి గూడ పని చెప్పు." అంతే అన్నాడు. అతని కళ్లు వాకిలి వైపే ఉన్నాయి.

"లస్మయ్య పెదనాయనకు ఫోన్ చేసి చెప్త కాకా. మళ్ల పనిల పెట్టుకుంటడు."

అప్పుడు సాయవ్వ బీడీ కొన మడిచి చాటలో పడేసింది.

"ఫోన్ల చెప్తవా బిడ్డా?"

"అవ్వా..."

"ఆయనను ఫోన్ల అన్నరా? చౌరస్తల అన్నరు. అన్నం గంజులకాడ, మైకుకాడ, ఊరంత నవ్వంగ అన్నరు. నిన్న బీడీల కార్ఖాన్లకు ఆకు తేబోతె, సెల్లులాయన పెండ్లామచ్చిందన్నరు. నువ్వు మా అరుగు మీదికచ్చి, ఎవ్వలు ఇనకుంట, మా చెవుల చెప్పి పోతున్నవు. చెప్పినవు. ఇన్నం. ఇగ నీ మనసు నిమ్మలమైతది. మా పేరేమైతది?"

"ఊకో సాయవ్వా," అన్నాడు ఏసయ్య.

"ఎందుకు ఊకుంట? చదువుకున్న పిల్ల గదా, ఎరుక కావాలె." సాయవ్వ ఇంకో ఆకు తీసింది. "శనివారం మా వాడోళ్ల వంతు. రోడ్డు మీద మేమే వండుతం. ఆయన గూడ ఉంటడు, కట్టెలు పెట్టుకుంట. నువ్వు ఆడ కూసొని తింటివి గదా బిడ్డా. ఆడనే చెప్పు. లేకుంటె చెప్పకు."

 బయట తండ్రి బండి చప్పుడయ్యేదాకా హుమేరా అలాగే నిలబడింది. ఎవరూ కూర్చోమనలేదు.

శుక్రవారం నమాజు అయ్యాక అందరూ భోజనానికి పరిచిన దస్తర్‌ఖాన్ చుట్టూ కూర్చున్నారు. రషీదాబీ బగారన్నం, మాంసం వేసి దాల్చా చేసింది. ఫిర్దోస్ నిమ్మకాయ ముక్కలు తిప్పింది. సమ్మె ఎన్నాళ్లు సాగుతుంది, సిరిసిల్లలో మగ్గాలు ఎప్పుడు తిరుగుతాయి అని కాసేపు మాట్లాడుకున్నారు. హుమేరా నాలుగు ముద్దలు తిని చెయ్యి ఆపి తండ్రి వైపు తిరిగింది.

"అబ్బా, నేను ఒకటి చెప్పాలె."

"చెప్పు."

"పొద్దుగాల సారుకు ఫోన్ చేసిన. పేపర్ పంపుతలేనని చెప్పిన. దొంగతనమని రాయ. మళ్ల ముప్పై రోజులు నడిపినంక, నాలుగో డబ్బ ఎందుకు సచ్చిందో గదే రాస్త."

"సారు ఏమన్నడు?" అని అడిగింది ఫిర్దోస్.

"ఫోన్ పెట్టేసిండు భాబీ."

రషీదాబీ చేతిలో గరిటె గిన్నె మీదే ఆగింది. "పెట్టెయ్యడా మరి? రెండేండ్ల చదువు!"

"ఇంకోటి ఉన్నది అమ్మీ. రేపు కథలాపూర్ చౌరస్తకు పోతున్న. వాడోళ్ల వంటావార్పుకు. మైకు అడిగి చెప్త, ఏసయ్య కాక సెల్లులు తీయలేదు, తప్పు నేను జేసిన అని."

సాజిద్ తల పైకెత్తాడు. "లస్మయ్య ఊరుకుంటడా? అందరి ముందట అన్నది ఆయన. ఆయన ఇజ్జత్ పోదా? రేపే నీ డబ్బలన్ని పీకి గట్టు మీద పారేస్తడు. ఏ చేన్ల నడుపుతవు నీ ముప్పై రోజులు?"

"పీకితె పీకనియ్. ఇంకో చేను చూస్కుంట. దొరకకుంటె ఈ ఏడు పోతది."

"నా పేరు గూడ చెప్తవా?"

ఎవరూ తినడం లేదు. హుమేరా అన్న వైపు తిరిగింది. రెండు రోజులుగా అతను ఆమె ముఖం చూడలేదు. ఇప్పుడు చూస్తున్నాడు.

"లేదు భాయ్. నువ్వు 'చూసినవా' అని అడిగినవు. 'చూసిన' అన్నది నేను. నేను ఏం చూడకనే అన్న. గదే చెప్త."

సాజిద్ కంచంలోకి తల దించుకున్నాడు. వేళ్లతో అన్నం ఒక పక్కకు తోశాడు, మళ్లీ మధ్యకు తెచ్చాడు.

రషీదాబీ భర్త వైపు చూసింది. లస్మయ్య ఇంటి మోటరు కాలినా, అతని చుట్టాల మోటర్లు కాలినా వచ్చేది ఈ దుకాణానికే. ఆ సంగతి అక్కడ అందరికీ తెలుసు. 

పాషా ఎముకలోని మూలుగ పీల్చి, ఎముకను కంచం అంచున పెట్టాడు. వేళ్లు తుడుచుకున్నాడు.

"పదకొండింటికి మైకు కడతరు," అన్నాడు. "ఎండెక్కక ముందె పోదాం. నా బండి మీద రా."